ర్యాట్ పెడల్‌కు క్లిప్పింగ్ స్విచ్ అమర్చాక వచ్చే తిప్పలు, వాటి మరమ్మతు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కలమజూ పట్టణంలో 1970ల చివర్లో పుట్టిన ప్రోకో ర్యాట్ డిస్టార్షన్ పెడల్ (గిటార్ ధ్వనిని గరగరలాడించే, కాలితో నొక్కే పెట్టె) అసలు డిజైన్‌లో గిటార్ సిగ్నల్‌ను పెంచే పని ఎల్‌ఎం 308 ఆప్‌ఆంప్ అనే చిప్‌ది. అలా పెరిగిన సిగ్నల్ 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్‌నూ, ఆ తర్వాత 1 కిలోఓమ్ రెసిస్టర్‌నూ దాటి వచ్చేచోట ఎదురెదురుగా అమర్చిన రెండు 1ఎన్ 914 సిలికాన్ డయోడ్లు దాని శిఖరాలను కత్తిరిస్తాయి; దీన్నే క్లిప్పింగ్ అంటారు. ఈ డయోడ్ల స్థానంలో ఎర్ర ఎల్‌ఈడీలు పెడితే టర్బో ర్యాట్ ధ్వని వస్తుంది. మూడు స్థానాల టాగుల్ స్విచ్ ఒకటి అమర్చుకుంటే పైన సిలికాన్, మధ్యలో ఏ డయోడూ లేని స్థితి, కింద ఎల్‌ఈడీ, ఇలా మూడు స్వభావాలు ఒకే పెట్టెలో దొరుకుతాయి. పని చిన్నదే గానీ, అది పూర్తయ్యాక ఎదురయ్యే ఇబ్బందులు మాత్రం రకరకాలుగా ఉంటాయి.

ముందుగా వైరింగ్ సంగతి. స్విచ్‌ను సిగ్నల్ వైపు కాక గ్రౌండ్ వైపు పెట్టడం అన్ని విధాలా మేలు. డయోడ్ జతల ఒక కొన బోర్డు మీద సిగ్నల్ దగ్గరే ఉండాలి. గ్రౌండ్‌కు వెళ్లే కొనలను మాత్రం పైకి లేపి, ఒక్కో జతకు ఒక్కో వైరు చొప్పున స్విచ్ చివరి కాళ్లకు కలపాలి. స్విచ్ మధ్య కాలు గ్రౌండ్‌కు పోవాలి. ఇలా చేస్తే స్విచ్ వేసిన జత వైరు గ్రౌండ్ దగ్గరే ఉంటుంది కాబట్టి అది చుట్టుపక్కల సర్క్యూట్‌లోకి సిగ్నల్‌ను చిమ్మదు. దుకాణంలో అడిగేటప్పుడు మధ్యలో ఆఫ్ ఉండే టాగుల్ అని స్పష్టంగా చెప్పాలి; రెండే స్థానాలున్న టాగుల్ బయటికి అచ్చం అలాగే కనిపిస్తుంది. మరో మాట: సాధారణ టాగుల్‌లో మీటను పైకి తిప్పితే మధ్య కాలు కింది కాలితో కలుస్తుంది. పెట్టె మీద పేర్లు రాసే ముందు మల్టీమీటర్‌తో ఇది నిర్ధారించుకోకపోతే సిలికాన్ అని రాసినచోట ఎల్‌ఈడీ మోగుతుంది.

స్విచ్ తిప్పగానే స్పీకర్లో టప్‌మని పెద్ద శబ్దం

అందరినీ ముందుగా బెదరగొట్టే లక్షణం ఇదే. చాలామంది స్విచ్ నాసిరకమని నిందించి కొత్తది కొంటారు, కానీ కొత్తదీ అలాగే టప్‌మంటుంది, ఎందుకంటే లోపం స్విచ్‌లో లేదు. ఆప్‌ఆంప్ అవుట్‌పుట్ దాదాపు 4.5 వోల్టుల డీసీ మీద నిలిచి ఉంటుంది. ఆ డీసీని అవతలికి పోనివ్వకుండా ఆపేది 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్. అయితే ఆ కెపాసిటర్ అవతలి వైపు నుంచి గ్రౌండ్‌కు డీసీ పోయే దారి, అసలు డిజైన్‌లో, ఆ డయోడ్లు తప్ప మరొకటి లేదు. ఫిల్టర్ పాట్ (నాబ్‌తో విలువ మార్చే రెసిస్టర్) ఉన్న దారి చివర కూడా కెపాసిటర్లే ఉన్నాయి. స్విచ్‌ను మధ్యలో పెట్టగానే ఆ ఒక్క దారీ తెగిపోయి, కెపాసిటర్‌లోని స్వల్ప లీకేజీ వల్ల అక్కడి వోల్టేజీ మెల్లగా పైకి పాకుతుంది. మళ్లీ డయోడ్లను కలపగానే పేరుకున్నదంతా ఒక్కసారిగా గ్రౌండ్‌కు దూకుతుంది. మీటర్ పెట్టి చూసినా ఇది కనిపిస్తుంది, కానీ మీటరే పది మెగాఓమ్‌ల దారి అయి కూర్చుంటుంది కాబట్టి అంకె ఒకచోట నిలవక నెమ్మదిగా దిగుతూ ఉంటుంది.

మందు చాలా చవక. 1 కిలోఓమ్ రెసిస్టర్ డయోడ్లను కలిసే బిందువు నుంచి గ్రౌండ్‌కు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా సోల్డర్ చేయాలి. వెనుక ఉన్నది 1 కిలోఓమే గనుక ఈ అదనపు భారం చెవికి తెలియదు. 1 మెగాఓమ్ పెట్టినా పని జరుగుతుంది గానీ, కెపాసిటర్ కుదుటపడే కాలం అర సెకను నుంచి ఐదు సెకన్ల దగ్గరికి పెరుగుతుంది. నేనైతే 100 కిలోఓమ్‌లకే ఓటు వేస్తాను.

ఎటు తిప్పినా ధ్వని మారకపోవడం

ఎల్‌ఈడీ స్థానంలోనూ పాత ధ్వనే వస్తుంటే పాత డయోడ్లు ఇంకా గ్రౌండ్‌కు అంటుకునే ఉన్నాయని అర్థం. సిలికాన్ డయోడ్ దాదాపు 0.6 వోల్టుల దగ్గరే తెరుచుకుంటుంది కాబట్టి, పక్కనే ఉన్న 1.7 వోల్టుల ఎర్ర ఎల్‌ఈడీకి పని దొరకదు. రెండు డయోడ్లలో ఒకదాని కాలు మాత్రమే లేపి రెండోదాన్ని మరిచిపోవడం ఎక్కువగా జరుగుతుంది. మూత తెరిచి, ఎల్‌ఈడీ స్థానంలో డిస్టార్షన్ పూర్తిగా పెంచి తీగలను గట్టిగా మీటినప్పుడు, చీకటి గదిలో ఆ ఎల్‌ఈడీలు స్వరంతో పాటు మిణుకుమంటే అవి పనిలో ఉన్నట్టే.

మూత తెరిచి ఉన్నంతసేపూ బాగా పనిచేసి, బిగించగానే మూడు స్థానాలూ ఒకటైతే, స్విచ్ కాలు గానీ డయోడ్ కొన గానీ లోహపు పెట్టెను తాకుతోంది. పెట్టె గ్రౌండే గనుక ఆ జత ఎప్పటికీ కలిసే ఉండిపోతుంది. కాళ్లకు వేడికి బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగితే సరిపోతుంది.

సిలికాన్ స్థానంలోనూ మోత తగ్గకపోవడం

రెండు డయోడ్లూ ఒకే దిశలో పడ్డాయేమో చూడాలి. అలా పడితే ఒక వైపు శిఖరాలైనా తెగాలి కదా అనిపిస్తుంది, కానీ ముందున్న కెపాసిటర్‌తో కలిసి ఆ జత సిగ్నల్ మొత్తాన్ని ఒక పక్కకు జరుపుతుందే తప్ప పెద్దగా కత్తిరించదు. బ్యాటరీ తీసి, ఆ జత స్థానంలో స్విచ్ ఉంచి, మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు దగ్గర పెట్టి, జతకు అటు ఒకసారి, ఇటు ఒకసారి తాకించాలి. సరైన జత రెండు వైపులా దాదాపు 0.6 చూపాలి, ఎల్‌ఈడీ జత అయితే 1.7 అటూ ఇటూ. ఒక వైపు మాత్రమే అంకె వస్తే ఒక డయోడ్‌ను తిప్పి పెట్టాలి.

స్థానం మారితే వాల్యూమ్ ఎగిసిపడటం

ఇది లోపం కాదు. 0.6 నుంచి 1.7 వోల్టులకు వెళ్లడమంటే దాదాపు 9 డెసిబెల్స్ పెరగడం. మధ్య స్థానంలో ఆప్‌ఆంప్ తన హద్దు దాకా, అంటే 4 వోల్టులకు దగ్గరగా, వెళుతుంది కాబట్టి అది ఇంకా పెద్దది. పైగా మధ్య స్థానంలో డయోడ్లు లేకపోయినా డిస్టార్షన్ పోదు. డిస్టార్షన్ నాబ్ పూర్తిగా తిప్పితే గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే రెట్లు, 2300 దాటే ఈ సర్క్యూట్‌లో ఆప్‌ఆంపే ముందు నలిగిపోతుంది. తేడా తగ్గించాలంటే సిలికాన్ వైపు ఒక్కో దిశలో రెండేసి డయోడ్లను వరుసగా పెట్టాలి. అప్పుడు హద్దు 1.2 వోల్టులకు పెరిగి, ఎల్‌ఈడీతో తేడా 3 డెసిబెల్స్‌కు దిగుతుంది. పాత ర్యాట్ ధ్వని కొంత మారుతుంది, దాని మీద మమకారం ఉన్నవారు వాల్యూమ్ తిప్పుకోవడమే నయం. వాల్యూమ్ పాట్ ముందు పెద్ద రెసిస్టర్ పెట్టడాన్ని మాత్రం నేను సమర్థించను, పొడవైన కేబుల్ తగిలిస్తే ధ్వనిలోని పదును పోతుంది.

గెయిన్ పెంచితే కీచుమని కూత

ఈ లక్షణం ఎక్కువగా రెండో స్విచ్ పెట్టినవారికి వస్తుంది. రూట్జ్ మాడ్ అని పిలిచే ఆ మార్పులో, ఆప్‌ఆంప్ గెయిన్‌ను నిర్ణయించే రెండు దారుల్లో 47 ఓమ్‌ల రెసిస్టర్, 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్న దారిని తెంచుతారు. 560 ఓమ్‌ల దారి ఒక్కటే మిగిలి గరిష్ఠ గెయిన్ 180 రెట్ల దగ్గరికి దిగి, ధ్వని నిండుగా వస్తుంది. ఆ దారిని ఆప్‌ఆంప్ ఇన్‌పుట్ దగ్గర తెంచితే వేలాడే వైరు ఏరియల్‌లా పనిచేసి, అవుట్‌పుట్ నుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టి మళ్లీ లోపలికి పంపుతుంది. కాబట్టి ఇక్కడ కూడా గ్రౌండ్ కొననే తెంచాలి, వైర్లను పొట్టిగా మెలివేసి అవుట్‌పుట్ జాక్‌కు దూరంగా నడపాలి. ఈ స్విచ్ కూడా టప్‌మంటే దాని రెండు కాళ్ల మధ్య 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టాలి. స్విచ్ తెరిచి ఉన్నప్పుడు కూడా కెపాసిటర్ తన 4.5 వోల్టుల ఛార్జిని నిలుపుకొని ఉంటుంది గనుక, మూసినప్పుడు కుదుపు రాదు.