ఊళ్లలో సేవ చేసేవారికి: ఇంటికో పేజీ రాసుకోండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు సువార్తకు తిరిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. కొత్త ఊళ్లు కలుపుకుంటూ పోకండి. ఒక్క ఊరికే ప్రతి వారం అదే రోజు వెళ్లండి. సంత రోజు మాత్రం వద్దు, ఇళ్లలో ఎవరూ దొరకరు.

చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఇంటికో పేజీ ఇవ్వండి. ఎన్ని కరపత్రాలు పంచామో అందులో అక్కర్లేదు. "కోడలికి నెలలు నిండాయి", "చిన్నవాడు పనికోసం సూరత్ వెళ్లాడు, ఫోన్ లేదు" లాంటివి రాయండి. మళ్లీ వెళ్లేముందు ఆ పేజీ తీసి ప్రార్థన చేయండి. గడపలో నిలబడి "అబ్బాయి ఫోన్ చేశాడా అమ్మా?" అని అడిగి చూడండి, ఆ తల్లి చాప తెచ్చి వేస్తుంది. ఒకరింటి సంగతి ఇంకొకరింట్లో ఎత్తొద్దు, ప్రార్థన కూటంలో సాక్ష్యంగా అసలే చెప్పొద్దు.

పట్నంలో మన తెలుగు సరిపోతుంది. కొండ ఊళ్లలో కువి, సవర మాట్లాడేవాళ్ల దగ్గరికి అదే భాషలో పాడగల స్థానిక విశ్వాసిని వెంట తీసుకెళ్లండి. మెల్లగా కూటం ఆయన చేతికే అప్పగించండి. ఇందుకు ఏళ్లు పడుతుంది, పట్టనివ్వండి.

ఇంకొకటి. ఒడిశాలో 1967 నుంచి మతస్వేచ్ఛ చట్టం ఉంది. 1989 నియమాల ప్రకారం మతమార్పిడి కార్యక్రమం గురించి పాస్టరు 15 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలపాలి. బాప్తిస్మం తేదీ ప్రకటించే ముందే అర్జీ ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకుని దాచుకోండి.