ఓప్రా విన్‌ఫ్రే చేసినట్టు మన ఊళ్లో ఆడపిల్లల చదువు నిధి పెట్టడం ఎలా

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి, గల్ఫ్ నుంచి మనోళ్లంతా దిగుతారు కదా, ఆ నాలుగు రోజులూ ఊరికేదైనా చేద్దాం అనే మాట శ్రీకాకుళం జిల్లాలో ప్రతి రచ్చబండ దగ్గరా వినబడుద్ది, కనుమ దాటాక మళ్లీ ఎవుడూ ఎత్తడు. ఆ మాటని టెన్త్ అయిపోయిన ఆడపిల్లల్ని పైకి చదివించే నిధిగా ఎలా మార్చాలో చెప్తాను. దీనికి నేను నమ్మే దారి అమెరికా టీవీ యాంకర్ ఓప్రాది.

ఆవిడ 1954లో మిసిసిపీలో కొసియస్కో అనే చిన్న ఊళ్లో పుట్టింది, అమ్మమ్మ దగ్గర పెరిగింది, బంగాళదుంపల గోనెసంచితో కుట్టిన గౌన్లేసుకుంది. వక్తృత్వ పోటీలో గెల్చిన స్కాలర్‌షిప్‌తో టెన్నెస్సీ స్టేట్ యూనివర్సిటీలో చదివింది. బాల్టిమోర్‌లో న్యూస్ చదివే సీటు నుంచి తప్పించి టాక్ షోలో కూర్చోబెడితే అక్కడే నిలదొక్కుకుంది, 1986 నుంచి 2011 దాకా ఆవిడ షో అమెరికా అంతా వచ్చింది. చేతిలో డబ్బు లేని పిల్లకి ఒక్క స్కాలర్‌షిప్ ఏం చేస్తదో ఆవిడకి బాగా తెలుసు.

1998లో ఏంజెల్ నెట్‌వర్క్ అనే చందాల సంస్థ పెట్టి, మీ దగ్గరున్న చిల్లర పంపండి, పిల్లల్ని చదివిద్దాం అని షో చూసేవాళ్లని అడిగింది. 2010లో ఆపేసరికి 8 కోట్ల డాలర్లు దాటింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఏటంటే, ఆఫీసు ఖర్చులన్నీ ఆవిడే పెట్టుకుంది, జనం ఇచ్చిన రూపాయి జనం కోసమే పోయింది. మీరూ మొదటిరోజే ఇది రాసుకోండి: ఫ్లెక్సీ, బండి పెట్రోలు, టీలు, మీటింగులో టిఫిన్లు, ఇవన్నీ కమిటీ వాళ్ల జేబులోంచే. చందాలో పది రూపాయలు టీకి పోయినా ఊరంతా అదే మాట్లాడుకుంటారు, ఆ తర్వాత ఎంత మంచి పని చేసినా నమ్మరు.

కిరాణా కొట్టు, రైసుమిల్లు, సెలూను, ఆటో స్టాండు దగ్గర తాళం వేసిన డబ్బాలు పెట్టండి. నెలకోసారి అందరి ముందూ విప్పి, బయటికి లెక్కపెట్టి, ఆ అంకె ఊరి వాట్సాప్ గ్రూపులో అప్పుడే పెట్టేయండి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో తియ్యండి, ఒక సంతకం డ్వాక్రాలో లెక్కలు రాసిన అక్కది అయితే ఇంకా మంచిది. సొసైటీగా రిజిస్టర్ చేద్దామనుకుంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. గల్ఫ్‌లో ఉన్న మనోళ్లు ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉంటారు కాబట్టి వాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపేది విదేశీ విరాళం కింద లెక్క, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా తీసుకోకండి.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం, ఎంతమందిని తీసుకోవాలి అన్నది. ఓప్రా దక్షిణాఫ్రికాలో హెన్లీ ఆన్ క్లిప్ దగ్గర 2007 జనవరిలో ఆడపిల్లల స్కూలు తెరిచింది, 4 కోట్ల డాలర్లు పెట్టింది, అక్కడ పాసైన పిల్లల్ని కాలేజీ చదువుల్లో కూడా వదల్లేదు. మన దగ్గర ఇరవైమందికి బ్యాగులిచ్చి ఫొటో దిగడం అలవాటు, దాని బదులు ఇద్దరు గుంటల్ని చివరిదాకా చదివించండి. ఇంటర్ రెండేళ్లు, నర్సింగ్ నాలుగేళ్లు అంటే ఆరేళ్ల పూచీ. గవర్నమెంటు ఫీజు ఎంత కడుతుందో, ఎప్పుడు పడుతుందో హెడ్మాస్టారిని, కాలేజీవాళ్లని అడిగి, అది కాక హాస్టల్, బస్సు పాసు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఆరేళ్లకి కూడి చూడండి, ఖాతాలో కనీసం మొదటి రెండేళ్లది ఉంటేనే ఆ ఇంటికి వెళ్లి మాటివ్వండి.

డబ్బు కట్టేసి ఊరుకోకూడదు. ఓప్రా స్కూల్లోనే, తెరిచిన ఏడాదే, హాస్టల్ ఉద్యోగిని పిల్లల్ని వేధించిందని ఆరోపణలొచ్చాయి. తర్వాత 2010లో కోర్టు ఆ ఉద్యోగినిని నిర్దోషి అని వదిలేసింది గానీ, విషయం తెలియగానే ఓప్రా స్వయంగా అక్కడికి వెళ్లి తల్లిదండ్రులకి క్షమాపణ చెప్పింది. మీ కమిటీలో ఒక ఆడమనిషి నెలనెలా హాస్టల్‌కి వెళ్లి, వార్డెన్ లేకుండా పిల్లతో విడిగా మాట్లాడాలి. దాతల కోసం అని ఆ పిల్ల ఫొటో, పేరు గ్రూపుల్లో తిప్పొద్దు, మార్కులూ కట్టిన రసీదులూ చాలు.

సంక్రాంతికి డబ్బాలు పెడితే జూన్ అడ్మిషన్లకి ఐదు నెలలుంటాయి, ఏప్రిల్లోగా హెడ్మాస్టారి దగ్గర పిల్లల పేర్లు అడిగి ఉంచుకోండి.