ఆటోనగర్‌లో లేజర్ కటింగ్‌కి ఎస్‌వీజీ ఇచ్చే ముందు

బెజవాడ ఆటోనగర్‌లో ప్లేట్ కటింగ్‌కి ఇచ్చేవాళ్లు ఎస్‌వీజీ ఫైల్ (బొమ్మని గీతల లెక్కగా దాచే ఫైల్) పంపేసి ఊరుకోకండి, అందులో ఓ మూల సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి గీసి పంపండి. ఎస్‌వీజీలో కొలతలు చాలాసార్లు పిక్సెల్స్‌లోనే ఉంటాయి, అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అనేది మాత్రం ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా లెక్కేసుకుంటుంది. 96 లెక్కన గీసింది 72 లెక్కన తెరుచుకుంటే మీ 100 మి.మీ. గీత 133.3 అయిపోతుంది. షాపులో ఫైల్ తెరవగానే ముందు ఆ గీత కొలవమనండి, 133.3 చూపిస్తే మొత్తం డ్రాయింగ్‌ని 0.75తో స్కేల్ చేస్తే చాలు, షీటు దండగ కాదు. కోత మొదలుపెట్టే ముందు ఆ గీత తీసేయమని కూడా చెప్పండి.

బోల్టు రంధ్రాలున్న ఫ్లాంజ్ (పైపుల్ని కలిపే బిళ్ల) లాంటి పనైతే మాత్రం అసలు ఎస్‌వీజీ జోలికే పోవద్దు. వృత్తాన్ని పాత్‌గా, అంటే మామూలు గీతగా మార్చారంటే అది బెజియర్ అనే వంపు గీతల ముక్కలైపోతుంది, చూడ్డానికి గుండ్రంగానే ఉంటుంది గానీ క్యాడ్‌లో (కొలతలతో డ్రాయింగ్ గీసే సాఫ్ట్‌వేర్‌లో) సెంటర్ దొరకదు, వ్యాసార్థం చూపించదు, 12 మి.మీ. రంధ్రాన్ని 14 చేయాలంటే మళ్లీ గీయాల్సిందే. క్యాడ్ డ్రాయింగ్‌ల ఫైల్ రకమైన డీఎక్స్ఎఫ్‌లో అయితే వృత్తం వృత్తంగానే, కేంద్రం, వ్యాసార్థంతో సహా ఉంటుంది. కాబట్టి క్యాడ్‌లో గీసింది నేరుగా డీఎక్స్ఎఫ్‌గానే సేవ్ చేసి ఇవ్వండి. షాపువాళ్లు డీఎక్స్ఎఫ్‌లో పాత ఆర్12 వెర్షన్ అడిగితే అందులో యూనిట్ సమాచారం ఉండదు, అప్పుడు మెసేజ్‌లో ‘మిల్లీమీటర్లు’ అని రాసి, ఆ 100 గీత దానిలో కూడా పెట్టండి.