హిమానీనదం కింది మట్టి – 4వ పాఠం: ఏది పగులు, ఏది జారిన గీత?

మట్టిని పలుచగా కోసి చేసిన స్లైడ్లను మైక్రోస్కోప్ కింద తీసి మీరు పంపిన ఫొటోలు చూశాను. చాలామంది నల్లటి సన్నగీతల పక్కన బాణం వేసి ‘మంచు ఒత్తిడికి మట్టి జారిన చోటు’ అని రాశారు. వాటిలో ఎక్కువ భాగం నమూనా ఆరేటప్పుడు పడ్డ పగుళ్లే. గులకరాయి చుట్టూ రేణువులు వలయంగా తిరిగే అమరికల పాఠం అందుకే వచ్చే వారానికి వాయిదా వేశాను. ఇది తేలకుండా అది చెప్పి లాభం లేదు.

తడి బంకమట్టిని ఓవెన్‌లో పెడితే కుంచించుకుపోయి పగులుతుంది. తొందరపడకండి. లోపలి నీటిని అసిటోన్‌తో మెల్లగా మార్చి, ఆ తర్వాతే రెజిన్ (గట్టిపడే జిగురు) ఎక్కించండి. స్లైడును 30 మైక్రాన్లకు అరగదీయడం మీకు వచ్చిందే. రెండు పోలరైజర్లను (కాంతిని ఒకే దిక్కులో కంపించేలా చేసే ఫిల్టర్లు) ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూసినప్పుడు క్వార్ట్జ్ రేణువు పసుపు రంగులో కనిపిస్తే ఇంకా మందంగా ఉన్నట్టు, బూడిదరంగులో ఉంటే సరిపోయినట్టు. నేను వేరే కొలతలు పెట్టుకోను.

ఇప్పుడు అసలు చిక్కు. రెండు పోలరైజర్లనూ అలాగే అడ్డంగా పెట్టి స్టేజ్‌ను (మైక్రోస్కోప్‌లో స్లైడు పెట్టే పళ్లెం) నిదానంగా తిప్పండి. పగులులో ఉండేది రెజిన్ మాత్రమే కాబట్టి ఎటు తిప్పినా నల్లగానే ఉంటుంది. దాని రెండు అంచులూ చింపిన కాగితంలా ఒకదానికొకటి అతుకుతాయి. మట్టి జారిన చోట ఖాళీ ఉండాల్సిన పనిలేదు. అక్కడ బంకమట్టి పలకలన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటాయి కనుక, ఒక పూర్తి చుట్టులో ఆ గీత నాలుగుసార్లు మెరిసి నాలుగుసార్లు ఆరిపోతుంది. పొడవాటి ఇసుక రేణువులు కూడా తరచు గీత వెంటే వాలి ఉంటాయి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మట్టి ఆరేటప్పుడు బలహీనమైన చోటే ముందు పగులుతుంది. ఆ బలహీనమైన చోటు పాత జారుడు గీతే కావచ్చు. అంటే నల్లటి పగులు కనిపించగానే కొట్టిపారేయకూడదు, దాని ఒడ్డున ఉన్న మట్టిని చూడాలి. ఒడ్డున మెరుపు పట్టీ (తిప్పితే మెరిసి ఆరే ఆ జారుడు గీత) ఉండి, పగులు పక్కకు తిరిగినా ఆ పట్టీ తన దారిన నేరుగా సాగిందా? అయితే పట్టీ ముందుది, పగులు తర్వాతది. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ తీరంలో, వెస్ట్ రంటన్ కొండచరియల్లోలాగా హిమానీనదాలు మెలిపెట్టిన మట్టిని చదివేటప్పుడు ఈ వరుస తప్పితే తర్వాత చెప్పేదంతా తప్పే.

అభ్యాసం: ఒకే నమూనా నుంచి ఒకదానికొకటి లంబంగా రెండు నిలువు స్లైడ్లు కోయండి. రెండింటిపైనా పైదిక్కు, ఉత్తరం గుర్తు పెట్టండి. ఒక్కో దాంట్లో ఇరవై మెరుపు పట్టీల వాలు కొలవండి. ఒక స్లైడులో కొలిచేది పైకి కనిపించే వాలే, అసలు వాలు కాదు. రెండూ కలిపి అసలు వాలు ఎటో లెక్కగట్టి పంపండి.