కథకైనా ఆటకైనా ఐడియాలు ఇచ్చే జనరేటర్ సొంతంగా చేసుకోవడం ఎలా

ముందు కంప్యూటర్ మూసేయండి. కాగితం, పెన్ను, వైకుంఠపాళి డబ్బాలో పడి ఉన్న పాచిక, ఇవి చాలు. ర్యాండమ్ ఐడియా జనరేటర్ అనగానే చాలామంది నేరుగా కోడ్ దగ్గరికి పరిగెత్తి, బటన్ ఏ రంగులో ఉండాలా అని రెండు రోజులు తల పట్టుకుని, తీరా నొక్కి చూస్తే వచ్చేది "ధైర్యవంతుడైన రైతు, చీకటి అడవి, మాయా ఉంగరం". ఇలాంటివి వెయ్యి వచ్చినా ఒక్క కథ మొదలవదు. మనిషి ఉన్నాడు, చోటు ఉంది, వస్తువు ఉంది, కానీ చిక్కు ఏదీ? జనరేటర్ మనకు చిక్కు ఇవ్వాలి. కథ మనం ఎలాగూ రాసుకుంటాం.

అందుకే మూడే కాలమ్‌లు పెట్టండి: ఎవరు, ఏం చెయ్యాలి, ఏది అడ్డం. ఒక్కోదానిలో ఆరు వరసలు. నేనైతే ఒక మండల కేంద్రం లాంటి చిన్న టౌన్‌ని మనసులో పెట్టుకుని ఇలా రాస్తాను.

ఎవరు: 1. రిటైరైన తాసిల్దారు 2. మీసేవ సెంటర్‌లో కూర్చునే అమ్మాయి 3. బోర్లు వేసే లారీ మీద పనిచేసే కుర్రాడు 4. పెళ్లి వంటలు చేసే ఆవిడ 5. డ్యూటీ దిగిన ఆర్టీసీ కండక్టర్ 6. హాస్టల్ నుంచి పారిపోయి వచ్చిన ఇంటర్ కుర్రాడు

ఏం చెయ్యాలి: 1. తెల్లారేలోపు ఒక సంతకం సంపాదించాలి 2. తీసుకోనని మొండికేస్తున్న మనిషికి బాకీ తీర్చాలి 3. పాత ఫోటోలో పక్కన నిలబడ్డది ఎవరో కనుక్కోవాలి 4. ఒక పెళ్లి ఆపాలి 5. అమ్మేసిన గేదెను వెనక్కి తెచ్చుకోవాలి 6. ఎవరికీ తెలియకుండా ఒక తాళంచెవి చేయించాలి

ఏది అడ్డం: 1. ఊరంతా జాతరలో ఉంది 2. సాయం చేయగలిగిన ఒకే ఒక్క మనిషితో పదేళ్లుగా మాటల్లేవు 3. జేబులో ఉన్నది 40 రూపాయలు 4. నిజం చెబితే తమ్ముడి ఉద్యోగం పోతుంది 5. వాన, కల్వర్టు మీద నీళ్లు 6. ఆ పని ఇంకెవరో ముందే చేసేశారు

ఇప్పుడు పాచిక మూడుసార్లు వేయండి. 4, 4, 6 పడిందనుకుందాం. పెళ్లి వంటలు చేసే ఆవిడ, ఒక పెళ్లి ఆపాలి, ఆ పని ఇంకెవరో ముందే చేసేశారు. చదవగానే ప్రశ్నలు మొదలవుతాయి చూడండి. మూడొందల మందికి వంట పొయ్యి మీద ఉంది, పెళ్లి ఆగిపోయింది. ఆవిడ కోరుకున్నదే జరిగింది, కానీ ఎవరు ఆపారు? అందరూ ఈవిడనే అనుమానిస్తారా? అన్నిటికన్నా ముందు, ఈ వంట డబ్బులు ఎవరిస్తారు? ఇక రాయడమే. 3, 5, 1 పడితే బోరు లారీ కుర్రాడు, అమ్మేసిన గేదె, ఊరంతా జాతరలో ఉంది, అంటే కొన్నవాడి ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఇక్కడ అడ్డమే అవకాశం అయి కూర్చుంది. అలా వచ్చినప్పుడు వదలకండి, అనుకోని చోట నుంచి కథ తిరగడం కోసమే కదా పాచిక వేసింది.

వరసలు రాసేటప్పుడు ఒకటే పరీక్ష. ఆ వరసను కళ్లతో చూడగలగాలి. "పేదరికం" అని రాస్తే కనపడదు, "జేబులో 40 రూపాయలు" కనపడుతుంది. "రహస్యం" అనే మాటను జనరేటర్‌లో ఎక్కడా రానీయకండి, అది బద్ధకం. ఎఐని అడిగితే నిమిషంలో వంద వరసలు ఇస్తుంది, కాదనను, కానీ వాటిలో చాలావరకు ఎవరు అడిగినా వచ్చేవే. జిల్లా పేపర్‌లో చిన్న వార్తలు, బస్టాండ్ గోడ మీద ప్రకటనలు, పెళ్లిలో పక్క బల్ల మీద విన్న ముక్క, వీటిని ఫోన్‌లో నోట్ చేసుకుంటూ పోతే నెల తిరిగేసరికి మీ లిస్టు మీదిగా ఉంటుంది.

ఇంకో మాట. కాలమ్‌లు ఒకదానికొకటి పొసగకూడదు. ఎవరు అనే చోట పోలీసు, ఏం చెయ్యాలి అనే చోట దొంగను పట్టుకోవాలి అని పెడితే పాచిక ఎందుకు, దండగ. మన అవధానాల్లో దత్తపది నడిచేది దీని మీదే. పృచ్ఛకుడు నాలుగు మాటలు ఇస్తాడు, సంబంధం లేని విషయం ఒకటి ఇస్తాడు, అవధాని ఆ నాలుగు మాటలూ పద్యంలో ఇమిడ్చి విషయం చెప్పాలి. బస్సు, లారీ అనే మాటలిచ్చి సీతాకల్యాణం వర్ణించమంటే సభ నిటారుగా కూర్చుంటుంది, మాటలకీ విషయానికీ ఎంత దూరం ఉంటే అంత మజా. మీరూ అదే నియమం పెట్టుకోండి: పడిన మూడిటినీ వాడాల్సిందే. నచ్చలేదని మళ్లీ వేయడం ఒక్కసారికే, అదీ మొత్తం మూడూ. ఒక్క కాలమ్ మాత్రం మార్చుకునే వీలు ఇచ్చుకున్నారంటే చివరికి మీకు ముందే తెలిసిన కథ దగ్గరికే వస్తారు.

లెక్క చూస్తే 6 x 6 x 6, అంటే 216 కలయికలు. ఇది చూసి ఆశ పుడుతుంది, ఒక్కోదానిలో 20 వరసలు పెడితే 8000 కదా అని. ట్రేసరీ అనే టెక్స్ట్ జనరేటర్ టూల్ తయారుచేసిన కేట్ కాంప్టన్ దీని గురించే హెచ్చరించింది: పది వేల గిన్నెల ఓట్‌మీల్, అంటే ఓట్స్ జావ, చేయొచ్చు, ఏ గిన్నెలోనూ గింజలు అచ్చం ఇంకోదానిలా ఉండవు, అయినా తినేవాడికి కనపడేది ఓట్‌మీలే. కాబట్టి లిస్టు పెంచే ముందు ఉన్న ఆరూ ఒకదానికొకటి నిజంగా వేరేనా కాదా చూసుకోండి. తాసిల్దారు, ఎమ్మార్వో ఆఫీసు గుమాస్తా, విఆర్వో అని మూడు వరసలు పెడితే మీ దగ్గరున్నది ఒకటే వరస.

ఆటలకైతే పాచిక విషయం కాస్త లోతుగా తెలియాలి. ఒక పాచిక వేస్తే ఆరు అంకెలకూ సమాన అవకాశం. రెండు వేసి కూడితే అలా ఉండదు, 7 పడే దారులు 36లో 6 ఉంటే, 2కి ఒకటే దారి, 12కి ఒకటే. అందుకే తరచూ జరిగేవి మధ్యలో, అరుదుగా జరగాల్సినవి రెండు చివర్లలో పెడతారు. నలుగురూ పాత్రలై కథ అల్లుకుంటూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట పాత ఎడిషన్లలో ఎదురుపడ్డ జీవి మీద పడుతుందా, దోస్తీ చేస్తుందా అన్నది ఇలాగే రెండు పాచికలతో తేల్చేవాళ్లు. అదే రెండు పాచికలను కూడకుండా ఒకటి పదుల స్థానం, ఒకటి ఒకట్ల స్థానం అని చదివితే 11 నుంచి 66 దాకా 36 సమానమైన ఫలితాలు వస్తాయి, పెద్ద లిస్టుకి ఇది హాయి.

మన ఇళ్లలో ఇంతకన్నా మంచి సాధనం ఉంది: అష్టా చెమ్మా గవ్వలు. నాలుగు గవ్వలు వేస్తే వచ్చేవి ఐదే: 1, 2, 3, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే 16 దారుల్లో 2కి 6, 1కీ 3కీ నాలుగేసి, చెమ్మాకి ఒకటి, అష్టాకి ఒకటి. అంటే మామూలువి, అరుదువి అన్న తేడా గవ్వల్లోనే ఉంది, మనం లెక్కలు కట్టక్కర్లేదు. నిజం గవ్వలు అంత సమానంగా పడవు లెండి, మీ గవ్వలు ఓ యాభైసార్లు వేసి రాసుకుంటే వాటి వాటం తెలుస్తుంది. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు.

ఉదాహరణకి ఆటగాళ్లు తప్పిపోయిన ఉత్సవ విగ్రహం వెతుకుతూ రాత్రిపూట ఊరు తిరుగుతున్నారు. ప్రతి వీధి మలుపులో గవ్వలు వేయించండి. 2 పడితే కుక్కలు మొరుగుతాయి, ఏదో ఇంట్లో లైటు వెలుగుతుంది. 1 పడితే తాగి ఇంటికి పోతున్న పెద్దాయన వీళ్లను ఇంకెవరో అనుకుని "పని అయిందా?" అని అడుగుతాడు. 3 పడితే దూరంగా పోలీసు జీపు. చెమ్మా పడితే విగ్రహం మోస్తున్నవాళ్లే ఎదురొస్తారు. అష్టా పడితే గుడి పూజారి, ఒంటరిగా, చేతిలో పారతో. అసలు ఆటలో చెమ్మాకీ అష్టాకీ ఇంకో పందెం ఉంటుంది కదా, ఇక్కడా అలాగే ఇంకోసారి వేసి రెండో ఫలితాన్ని మొదటిదానికి కలపండి. పూజారి, పార, పోలీసు జీపు. ఆ రాత్రి ఆట అక్కడితో మలుపు తిరుగుతుంది. ప్రతి వరసలోనూ ఆటగాళ్లు ఏదో ఒకటి చేయాల్సిన పరిస్థితి ఉందని గమనించారా? "గాలి చల్లగా వీస్తుంది" లాంటివి ఈ లిస్టులో పెట్టకండి, అవి మీరు మామూలుగా చెప్పేయొచ్చు.

పాచికకీ చీటీలకీ తేడా కూడా పట్టించుకోవాలి. పాచికకు జ్ఞాపకం ఉండదు, ఒకటే అంకె వరసగా మూడుసార్లు పడుతుంది, అప్పుడు పక్కవాళ్లు "ఇది పాడైంది" అంటారు. చీటీ తీసి పక్కన పెట్టేస్తే అన్నీ అయ్యేదాకా అది మళ్లీ రాదు. ఇప్పటి టెట్రిస్‌లో ఇదే పద్ధతి, 7 రకాల ముక్కలనూ సంచిలో వేసి కలిపినట్టు వరస మార్చి, ఏడూ అయ్యాకే మళ్లీ మొదలుపెడుతుంది. ఇంట్లో నలుగురు కూర్చుని ఆడే ఆటలకి చీటీలే మేలు.

ఇక ఫోన్‌లో కావాలంటే కోడ్ అక్కర్లేదు, గూగుల్ షీట్స్ చాలు. మూడు కాలమ్‌లలో మూడు లిస్టులు. పక్క గడిలో ఇండెక్స్ ఫంక్షన్, దానికి ఒక కాలమ్ పరిధి ఇచ్చి, ఎన్నో వరస అని అడిగే చోట రెండు సంఖ్యల మధ్య ఏదో ఒకటి ఇచ్చే రాండ్‌బిట్వీన్ పెట్టండి, 1 నుంచి కౌంట్‌ఏ ఇచ్చే సంఖ్య దాకా. కౌంట్‌ఏ నిండిన గడులను లెక్కపెడుతుంది కాబట్టి రేపు కొత్త వరసలు కలిపినా ఫార్ములా ముట్టుకోనక్కర్లేదు, మధ్యలో ఖాళీ గడి మాత్రం వదలకండి, పైన హెడింగ్‌ని పరిధిలో కలపకండి. ఒక చిరాకు ఉంది: షీట్‌లో ఎక్కడ ఏది టైప్ చేసినా ఫలితం మారిపోతుంది, నచ్చినది కళ్లముందే మాయమవుతుంది. నచ్చగానే కాపీ చేసి వేరే గడిలో వాల్యూస్ ఓన్లీ అని పేస్ట్ చేసుకోండి. ఈ చిరాకునే బటన్‌గా వాడుకోవచ్చు కూడా, ఓ మూల చెక్‌బాక్స్ పెట్టి దాన్ని నొక్కితే చాలు, కొత్త ఫలితం వస్తుంది.

అసలు ఇబ్బంది తెలుగులో పూర్తి వాక్యం తయారుచేయించినప్పుడు వస్తుంది. "ఫలానావాడు ఫలానాలో వెతుకుతున్నాడు" అని అచ్చు పోసి ఖాళీలు నింపితే "వంటలావిడ ఇల్లులో వెతుకుతున్నాడు" అని వస్తుంది. ట్రేసరీ లాంటి టూల్స్‌లో ఇంగ్లీషు బహువచనాలకీ ఆర్టికల్స్‌కీ సదుపాయం ఉంటుంది, మనకు దానితో పని జరగదు. ఇల్లు ఇంట్లో అవుతుంది, ఊరు ఊళ్లో అవుతుంది, బావి మాత్రం బుద్ధిగా బావిలో అవుతుంది. దీనికి సూత్రాలు రాసుకుంటూ కూర్చుంటే కథ రాసే వయసు దాటిపోతుంది. చోట్ల లిస్టులో "ఇల్లు" బదులు నేరుగా "ఇంట్లో", "ఊళ్లో", "బస్సు టాపు మీద" అని రాసేయండి, అంతే.

క్రియకి ఇంకా సులువైన దారి ఉంది. వెతికాడు, వెతికింది, వెతికారు అంటూ మనిషిని బట్టి మారే రూపాలు వాడకండి. "వెతకాలి", "ఆపాలి" అంటే ఆడా మగా ఎవరికైనా సరిపోతుంది. పైన నా రెండో కాలమ్ అంతా "లి" తోనే ముగిసింది అందుకే. అందులోనూ "కావాలి", "తెలియాలి" వద్దు, వాటికి "ఆవిడకి", "కుర్రాడికి" అని ముందు మాట మార్చాల్సి వస్తుంది. సంపాదించాలి, కనుక్కోవాలి అంటే గొడవ లేదు. మనిషి వర్ణనకి "చేసే", "దిగిన", "పారిపోయి వచ్చిన" లాంటివి వాడండి, అవీ ఎవరి పక్కనైనా ఒదిగిపోతాయి.

పైథాన్ తెలిసినవాళ్లకు ర్యాండమ్ మాడ్యూల్‌లో చాయిస్ పాచికలా పనిచేస్తుంది, శాంపిల్ చీటీల్లా మళ్లీ రాకుండా తీస్తుంది, చాయిసెస్‌కి వెయిట్స్ ఇస్తే గవ్వల పని చేస్తుంది. సీడ్, అంటే మొదట ఇచ్చే సంఖ్య, ఒకటే ఇస్తే అదే కోడ్‌లో అదే వరస మళ్లీ వస్తుంది, ఇద్దరు స్నేహితులు ఒకే ఫలితంతో చెరో కథ రాసి పోల్చుకోవాలంటే పనికొస్తుంది. పేరు-ఊరు-జంతువు-వస్తువు ఆటకి అక్షరం ఎంచే జనరేటర్ రాస్తుంటే, తెలుగు పదాన్ని కోడ్‌తో ముక్కలు చేయకండి, గుడులూ కొమ్ములూ విడిపోయి వస్తాయి. అక్షరాల లిస్టు చేత్తో టైప్ చేసి, మాటలు మొదలవని ఙ, ఞ, ణ, ళ తీసేయండి.

అంతా అయ్యాక ఇరవై ఫలితాలు వరసగా తీసి కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన మొదట తట్టిన ప్రశ్న రాయండి. ఏ ప్రశ్నా తట్టనివాటిలో మళ్లీ మళ్లీ కనపడుతున్న వరస ఏదో తేలిపోతుంది, దాన్ని కొట్టేసి కొత్తది పెట్టండి. నా లిస్టులో అయితే మొదట పోయేది రిటైరైన తాసిల్దారే అనుకుంటున్నా, ఆయన బదులు ఇంకా రిటైర్ కాని, రేపు ఆఖరి రోజైన తాసిల్దారుని పెట్టి చూడండి.