ఎండలు ముదరకముందే: రీసైకిల్ నీటి కూలింగ్ టవర్లలో గార పట్టకుండా జాగ్రత్తలు

శుద్ధి చేసిన మురుగునీరో, ఈటీపీ (ఫ్యాక్టరీ వ్యర్థజలాల శుద్ధి కేంద్రం) నుంచి వచ్చిన నీరో కూలింగ్ టవర్‌కి మేకప్‌గా, అంటే తగ్గిన నీటికి బదులు పోసే నీరుగా, వాడే ప్లాంట్లలో గార (లవణాలు గట్టిపడి కట్టే పొర) గొడవ బయటపడేది ఎండాకాలంలోనే. మొదలయ్యేది మాత్రం అంతకు రెండు మూడు నెలల ముందు. ఎండలు పెరిగేకొద్దీ ఆవిరయ్యే నీరు ఎక్కువవుతుంది, మేకప్‌కి కటకట వస్తుంది, ‘బ్లోడౌన్ కాస్త తగ్గించండి’ అని పైనుంచి ఫోన్లు మొదలవుతాయి. బ్లోడౌన్ అంటే టవర్‌లో చిక్కబడిన నీటిని కొంత బయటికి వదిలేయడం. ఆ ఫోన్లు రాకముందే ఈ పనులు అయిపోవాలి.

పంచదార వేడినీళ్లలో ఇట్టే కరుగుతుంది. కాల్షియం కార్బొనేట్‌ది తలకిందుల వ్యవహారం, నీళ్లు వేడెక్కేకొద్దీ కరగనంటుంది. అందుకే టవర్ అడుగున ఉండే బేసిన్‌లో నీళ్లు తేటగా ఉన్నా, అన్నిటికంటే వేడిగా ఉండే కండెన్సర్ (ఈ నీటికి వేడిని అందించే పరికరం) ట్యూబుల గోడల మీద పొర కడుతుంది. రాగితో పోలిస్తే ఆ పొర వేడిని వంద రెట్లకు పైగా తక్కువగా పోనిస్తుంది. దీనికి తోడు రీసైకిల్ నీటిలో ఫాస్ఫేట్, సిలికా కూడా ఉంటాయి. ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి ఇంకో రకం గార కడుతుంది. సిలికా గార మామూలు యాసిడ్‌కి లొంగదు కాబట్టి తిరిగే నీటిలో దాన్ని సుమారు 150 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటనీయరు.

అన్నిటికంటే ముందు కాల్షియం లెక్క చూసుకోండి. క్లోరైడ్ గార కట్టదు కాబట్టి దానితో పోల్చి చూడాలి. మేకప్‌లో క్లోరైడ్ 100 పీపీఎం, తిరిగే నీటిలో 500 ఉంటే నీరు అయిదు రెట్లు చిక్కబడినట్టు. కాల్షియం హార్డ్‌నెస్ (నీటిలోని కాల్షియం కొలత) కూడా అదే లెక్కన పెరగాలి. మేకప్‌లో 120 ఉంటే తిరిగే నీటిలో 600 రావాలి. 480 వచ్చిందనుకోండి. ఆ తగ్గిన 120 ఆవిరైపోలేదు, ట్యూబుల మీదో ఫిల్స్ (టవర్ లోపల నీరు జారే పలకలు) మీదో కూర్చుని ఉంటుంది. హైపో (క్రిములను చంపే క్లోరిన్ ద్రావణం) వేసే చోట దానివల్ల పెరిగిన క్లోరైడ్‌ని తీసేసి లెక్కకట్టాలి. రీసైకిల్ నీరు రోజూ ఒకేలా రాదు. అందుకని ఒక్క రోజు శాంపిల్‌తో తేల్చేయకుండా కనీసం వారం రోజుల సగటు తీసుకోండి. నా మట్టుకు నేను ఏ ఖరీదైన సాఫ్ట్‌వేర్ కంటే ఈ చిన్న లెక్కనే ఎక్కువ నమ్ముతాను.

తర్వాత కండక్టివిటీ ప్రోబ్, అంటే నీటిలో లవణాలు ఎంత ఉన్నాయో కొలిచే కడ్డీ. బ్లోడౌన్ వాల్వ్ అది చెప్పినట్టే తెరుచుకుంటుంది. దానికే గార పడితే రీడింగ్ తక్కువ చూపిస్తుంది, వాల్వ్ తెరుచుకోదు, నీరు ఇంకా చిక్కబడుతుంది. నేను పనిచేసిన ఒక చోట ప్యానెల్ మీద 2,100 ఉంది. అనుమానం వచ్చి చేతి మీటర్ పెడితే 3,400. ప్రోబ్ బయటికి తీస్తే కొన మీద పిండి రాసినట్టు తెల్లటి పొర. గోటితో గీకితే రాలేదు, పలచటి యాసిడ్ రెండు చుక్కలు వేస్తే బుస్సున పొంగింది. లాగ్‌బుక్‌లో మూడు వారాలుగా అందరం బుద్ధిగా 2,100 రాస్తూ వచ్చాం. ఎండాకాలం నాలుగు నెలలూ వారానికోసారి ప్రోబ్ కడిగి, చేతి మీటర్‌తో సరిచూసుకోండి.

ఇక ఆ ఫోన్ల సంగతి. గంటకు 1,000 ఘనపు మీటర్ల నీరు తిరుగుతూ 10 డిగ్రీలు చల్లబడే టవర్‌లో గంటకు సుమారు 15 ఘనపు మీటర్లు ఆవిరవుతాయి. అయిదు సైకిళ్ల దగ్గర (అంటే నీరు అయిదు రెట్లు చిక్కబడేలా) నడిపితే బ్లోడౌన్ 3.75. ఎనిమిదికి పెంచితే 2.1కి కాస్త పైన. మిగిలేది గంటకు 1.6 ఘనపు మీటర్లు, కానీ నీటిలో ప్రతి లవణమూ 60 శాతం చిక్కబడుతుంది. మూడు నుంచి అయిదుకి వెళ్లడంలో లాభం ఉంది. ఆపైన మిగిలే నీటికంటే తెచ్చుకునే టెన్షన్ ఎక్కువ. పైవాళ్లకి మాటలతో కాకుండా ఈ అంకెలతో చెప్పండి.

కెమికల్స్ విషయంలో ‘ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు’ అనుకోవద్దు. ఫాస్ఫోనేట్ రకం యాంటీస్కేలెంట్ (గార కట్టకుండా వేసే మందు) అతిగా వేస్తే అదే కాల్షియంతో కలిసి అడుగుకి దిగుతుంది. క్లోరిన్ మోతాదు మించితే కొన్ని ఫాస్ఫోనేట్లు విరిగి ఫాస్ఫేట్‌గా మారతాయి. కాబట్టి హైపో లైను, యాంటీస్కేలెంట్ లైను ఒకే చోట కలపకండి. పీహెచ్ తగ్గించడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడితే సల్ఫేట్ మీద కూడా కన్నేయాలి. అది పెరిగితే జిప్సం (కాల్షియం సల్ఫేట్) గార కడుతుంది, అదీ యాసిడ్‌కి కరగదు. డోసింగ్ పంపు స్ట్రోక్ సెట్టింగ్‌ని నమ్మకుండా కొలసీసా పెట్టి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు లాగుతోందో చూడండి.

లోడ్ తక్కువున్నప్పుడు కూలింగ్ వాటర్ వాల్వ్ కొంత మూసేసే అలవాటు చాలామందికి ఉంది. నీటి వేగం తగ్గితే ట్యూబు గోడ వేడెక్కి పొర త్వరగా కడుతుంది. ట్యూబుల్లో సెకనుకు ఒక మీటరుకి తగ్గకుండా చూసుకోండి. మేకప్‌కి ముందు ఆర్వో (మెంబ్రేన్ల గుండా నీటిని వడకట్టే యంత్రం) ఉంటే, ఆపిన ప్రతిసారీ శుద్ధమైన నీటితో ఫ్లష్ చేయాలి. 75 శాతం రికవరీ దగ్గర (వంద లీటర్లలో 75 లీటర్లు శుద్ధమై వచ్చేటప్పుడు) చివరి మెంబ్రేన్లలో నాలుగు రెట్లు చిక్కటి నీరు ఉంటుంది, దాన్ని అలాగే నిలవ ఉంచకూడదు.

ఇప్పటికే గార ఉందని తేలితే, ముందు ఒక ముక్క గీకి ల్యాబ్‌కి పంపండి. అదేమిటో తెలియకుండా యాసిడ్ పోయొద్దు. స్టెయిన్‌లెస్ స్టీల్ ఉన్న చోట హైడ్రోక్లోరిక్ యాసిడ్ వద్దు, గుంతలు పడి పగుళ్లిస్తుంది. అక్కడ సల్ఫామిక్ లేదా సిట్రిక్ వాడతారు. కార్బొనేట్ కరిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి వెంట్లన్నీ తెరిచి ఉండాలి. క్లీనింగ్ మొదలుపెట్టే ముందు హైపో డోసింగ్ పంపు ఆపి, లైను విప్పి, ట్యాగ్ కట్టండి. హైపో, యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.