పాత డీజిల్ డిజైర్: కనిపించే లక్షణం, అసలు కారణం, అయ్యే ఖర్చు

1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌ను మారుతి 2020 ఏప్రిల్‌లో, బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు, ఆపేసింది. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఏ డీజిల్ డిజైర్ అయినా ఇప్పుడు వయసు మీద పడిన బండే. అలాగని వెనక్కి తగ్గాల్సిన పనిలేదు. ఫియట్ రూపొందించిన ఇదే ఇంజిన్ స్విఫ్ట్, రిట్జ్, ఎర్టిగా, టాటా విస్టాల్లోనూ తిరిగింది. విజయవాడ ఆటోనగర్ నుంచి మండల కేంద్రంలోని షెడ్డు దాకా దీన్ని విప్పని మెకానిక్ అరుదు. చిక్కల్లా ఒక్కటే: ఒకే లక్షణానికి కారణం మూడొందలదీ కావచ్చు, ముప్పై వేలదీ కావచ్చు. అందుకే కింద చవకది ముందు రాశాను. అది కాదని తేలాకే పెద్దదానికి ఒప్పుకోండి. ధరలు బయటి షెడ్డులో లేబర్‌తో కలిపి ఉజ్జాయింపు మాత్రమే. ఊరిని బట్టి, కంపెనీ స్పేరా లోకలా అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి.

పికప్ లేదు, వెనక నల్లపొగ

ముందు ఒక మాట. ఈ ఇంజిన్ 2000 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) లోపు బద్ధకంగానే ఉంటుంది, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే భాగం) అందుకున్నాకే లాగుతుంది. పెట్రోల్ బండి నడిపి వచ్చినవాళ్లు దీన్నే జబ్బు అనుకుంటారు. 2000 దాటాక కూడా లాగకపోతేనే వెతకాలి.

నల్లపొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం. మొదట ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, కొత్తది ఐదొందల లోపే. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్లే పైపులు. ఎక్కడైనా క్లాంప్ వదులైనా, రబ్బరు చీలినా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమని చప్పుడు వస్తుంది, ఆ అతుకు దగ్గర నూనె మరక ఉంటుంది. క్లాంప్ అయితే వంద రూపాయల పని, పైపు మార్చాలంటే 1,000 నుంచి 2,500. అదీ కాకపోతే ఈజీఆర్ వాల్వ్, అంటే కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే కవాటం. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే ఆ పొగే అతిగా లోపలికి పోతుంది. క్లీనింగ్‌కు 1,000 నుంచి 2,000 అవుతుంది, చాలా బండ్లకు దానితోనే తీరిపోతుంది.

ఇవన్నీ చూడకుండానే "టర్బో పోయింది సార్" అనే షెడ్డు నుంచి బండి తెచ్చేసుకోండి. టర్బో నిజంగా పోతే సైరన్ లాంటి కూత వస్తుంది, పొగ నీలంగా మారుతుంది, పైపు విప్పి టర్బో షాఫ్ట్ కదిపితే వదులు తెలుస్తుంది. పైపులో పల్చని నూనె పొర కనిపించడం మాత్రం మామూలే, అది చూపించి భయపెడితే నమ్మకండి. ఓవర్‌హాలింగ్ 8,000 నుంచి 12,000, కొత్తది 20,000 పైమాటే.

పొగ రంగు గురించి ఇక్కడే చెప్పేస్తాను. చలి ఉదయం కాసేపు తెల్లపొగ వచ్చి పోతే అది ఆవిరి. దట్టంగా, డీజిల్ వాసనతో వస్తుంటే ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేది) చూపించాలి. తెల్లపొగతోపాటు కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) మీద అనుమానం.

పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు

సెల్ఫ్ ఎలా తిరుగుతుందో వినండి. నీరసంగా తిరిగితే బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండిలో 12.4 వోల్టుల కంటే తక్కువుంటే ఛార్జింగ్ చాలదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాదాపు 14 చూపించకపోతే తప్పు ఆల్టర్నేటర్‌ది, కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. బ్యాటరీ 4,500 నుంచి 6,500.

సెల్ఫ్ గట్టిగా తిరిగినా అంటుకోకపోతే గ్లో ప్లగ్‌లు (చల్లటి ఇంజిన్‌ను లోపల వేడిచేసేవి) చూపించండి, నాలుగూ కలిపి 3,000 నుంచి 4,500. కోస్తాలో ఒకటి రెండు పోయినా ఏడాదంతా తెలియదు. అదే బండిని డిసెంబరులో ఆదిలాబాద్ తీసుకెళ్తే తెల్లారి బయటపడుతుంది. అవీ బాగుంటే డీజిల్ ఫిల్టర్, తర్వాత ఇంజెక్టర్లు. ఇంజెక్టర్ పోయిందంటే నాలుగూ మార్చనివ్వకండి. డీజిల్ పంపుల వర్క్‌షాపులో లీక్-ఆఫ్ టెస్ట్ (ఒక్కో ఇంజెక్టర్ నుంచి ఎంత డీజిల్ వెనక్కి వస్తుందో కొలవడం) చేయిస్తే ఏది చెడిందో తేలుతుంది. ఒక్కోటి బాగుచేయడానికి 3,000 నుంచి 5,000, కొత్తది 10,000 దాటుతుంది.

ఆర్పీఎం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు

క్లచ్ ప్లేట్ అరిగింది. ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేక్ బలంగా లాగి, నాలుగో గేర్ వేసి, మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేట్ జారుతున్నట్టే. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే చేస్తే ఉన్న కాస్త ప్లేటూ కాలిపోతుంది.

గేర్ బాక్స్ దించడానికే లేబర్ అంతా పోతుంది కనుక ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి వేయించండి. పక్కనున్న ఆయిల్ సీల్ కారుతుందేమో కూడా అప్పుడే చూపించండి. మొత్తం 9,000 నుంచి 14,000. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే చప్పుడు వస్తే అది రిలీజ్ బేరింగ్. తొక్కితే ఆగిపోయి, వదిలితే వచ్చే చప్పుడు గేర్ బాక్స్‌ది, ఖర్చు కూడా వేరే లెక్క.

మీటర్ 60,000 చూపిస్తున్న బండిలో క్లచ్ పూర్తిగా అరిగి, పెడల్ రబ్బరు నున్నగా అయిపోయి ఉంటే, అది క్యాబ్‌గా తిరిగిందేమో ఆర్సీ చరిత్ర చూడండి.

చిన్న గుంతకే టకటక

పదిసార్లలో ఎనిమిదిసార్లు ముందు సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లే. జత 1,200 నుంచి 2,000. తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఆర్మ్‌లే మార్చితే రెండూ కలిపి 4,000 నుంచి 6,000. షాక్ అబ్జార్బర్ల మాట చివర్లో. నూనె కారుతుంటే తప్ప ముట్టుకోవద్దు. స్టీరింగ్ మొత్తం తిప్పి కదిలినప్పుడు మాత్రమే కటకట వస్తే యాక్సిల్ జాయింట్. దాని బూట్ (పైన ఉండే రబ్బరు తొడుగు) చిరిగిన తొలిరోజుల్లోనే మార్చుకుంటే వెయ్యి లోపు పోతుంది.

హీట్ ముల్లు పైకి పోతోంది

ఎప్పుడు పోతోందన్నదే ముఖ్యం. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు పెరిగి, రోడ్డెక్కాక తగ్గితే ఫ్యాన్ (3,000 నుంచి 5,000, ఒక్కోసారి దానికి కరెంటు ఇచ్చే రిలే మారిస్తే వందల్లోనే). హైవే మీద పెరిగితే కూలెంట్ తగ్గడం, థర్మోస్టాట్, రేడియేటర్, వాటర్ పంపు వరుసగా చూడాలి. ముల్లు ఎరుపు దగ్గరికి వెళ్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, పక్కకు ఆపండి. వేడి మీద కూలెంట్ మూత తీయకండి, ముఖం కాలుతుంది. "ఇంకో పది కిలోమీటర్లేగా" అని నడిపితే హెడ్ వంగుతుంది. గ్యాస్కెట్, ఫేసింగ్‌తో (హెడ్‌ను చదును చేయడం) 15,000 నుంచి 25,000.

చల్లటి ఇంజిన్‌లో గొలుసు చప్పుడు

ఈ ఇంజిన్‌లో వాల్వులను వేళకు తెరిపించేది బెల్ట్ కాదు, టైమింగ్ చైన్. స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు వచ్చి ఆగితే ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చి చూడండి. ఆగకుండా వస్తుంటే చైన్ కిట్, 12,000 నుంచి 20,000. దీన్ని మాత్రం వాయిదా వేయకండి. గొలుసు జారితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, అప్పుడు ఇంజిన్ పనే.

ఏసీ సిగ్నల్ దగ్గర చల్లగా లేదు

బండి కదిలితే చల్లబడుతుంటే గ్యాస్ అయిపోలేదు. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ దుమ్ము పట్టింది, లేదా ఫ్యాన్ తిరగడం లేదు. గాలే తక్కువొస్తుంటే క్యాబిన్ ఫిల్టర్. గ్యాస్ నిజంగా తగ్గితే లీకు ఎక్కడో చూపించమనండి. చూపించకుండా నింపితే 1,500 రూపాయలు ఎండాకాలం పూర్తికాకముందే గాలికి పోతాయి.